సంక్రాంతి అరిసెలు: సరుకుల నుంచి పాకం దాకా, తేడా కొడితే దిద్దుకునే దారులతో సహా

అరిసె నూనెలో వేయగానే విచ్చిపోయిందనుకోండి, ఇంట్లో అందరూ పాకం మీదే పడతారు. పాకం లేతగా దించేశావని ఒకరు, బెల్లం మంచిది తేలేదని ఇంకొకరు. చాలాసార్లు అసలు తేడా అంతకు ముందు రోజే వచ్చేసి ఉంటుంది. బియ్యం సరిగ్గా నానకపోవడమో, నీళ్లు వంచిన బియ్యం పిండి మర దగ్గర క్యూలో ఆరిపోవడమో, పిండి పట్టించుకొచ్చాక ఇంకో పనిమీద బజారుకెళ్లి అది డబ్బాలో గంటల తరబడి ఉండిపోవడమో జరుగుతుంది. అందుకే నేను పొయ్యి దగ్గర మొదలుపెట్టకుండా, పండక్కి నాలుగైదు రోజుల ముందు మీరు తిరిగే బయటి పనుల దగ్గర మొదలుపెడుతున్నాను.

ఒక్క విషయం మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దాన్నుంచే అర్థమవుతుంది. అరిసెలో ఉండేది బియ్యం, బెల్లం, నీళ్లు. ఆ నీళ్లు రెండు చోట్ల ఉంటాయి, పిండిలో తడిగా కొంత, పాకంలో కొంత. రెండూ కలిసి ఎక్కువైతే అరిసె విచ్చిపోతుంది, తక్కువైతే పళ్లకు పనిపెడుతుంది. ఎక్కువైన నీళ్లను ఇగిరించొచ్చు, తక్కువైతే కలపొచ్చు, కాబట్టి బెల్లం మాడితే తప్ప పారేయాల్సిన చలిమిడి, అంటే పాకంలో పిండి కలిపిన ముద్ద, అంటూ దాదాపు ఉండదు. ఇది తెలియకే పండగ ముందు రోజు చాలామంది టెన్షన్ పడి గిన్నెడు చలిమిడి పక్కన పడేస్తారు, నాకది చూస్తే బాధేస్తుంది.

లెక్కంతా కిలో బియ్యానికి చెబుతున్నాను. కిలో బియ్యం, ముప్పాతిక కిలో బెల్లం, వంద గ్రాముల నువ్వులు, పది యాలకులు, నాలుగు చెంచాల నెయ్యి, వేయించడానికి లీటరు నూనె. తీపి బాగా తినేవాళ్లు బెల్లం 800 గ్రాముల దాకా వేస్తారు, అంతకు మించి వద్దు. మీరు తట్టే మందాన్ని బట్టి ముప్పై నుంచి నలభై అరిసెలు వస్తాయి. మొదటిసారి చేసేవాళ్లు కిలోకి మించి పెట్టుకోకండి, పాకంలో పిండి కలిపేటప్పుడు చేతులు పడిపోతాయి.

ముందు బయటి పనులు

మొట్టమొదట గ్యాస్ సిలిండర్ చూసుకోండి. పాకం మధ్యలో మంట ఆగిపోయి, సిలిండర్ మార్చేలోపు పాకం చల్లారితే మళ్లీ మొదటికొస్తుంది. పండగ వారంలో బుకింగులు ఎక్కువగా ఉంటాయి, రెండో సిలిండర్ లేనివాళ్లు వారం ముందే బుక్ చేసుకోండి.

తర్వాత పిండి మర. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అన్ని మరల్లోనూ తడి బియ్యం పట్టరు. తడి పిండి రాళ్లకు అంటుకుంటుంది, తర్వాత వచ్చేవాళ్ల గోధుమలకు ఇబ్బంది అని కొందరు అసలే ఒప్పుకోరు, కొందరు పండగ రోజుల్లో తడి బియ్యానికి విడిగా ఒక టైం పెడతారు. కాబట్టి బియ్యం నానబెట్టక ముందే ఒకసారి వెళ్లి "అన్నా, అరిసెలకి తడి బియ్యం పడతారా, ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగి రండి. నానబెట్టేశాక మర లేదని తెలిస్తే అప్పుడు ఊరంతా తిరగాలి. ఇంకో మాట కూడా అడగండి, అదే మరలో కారం పడతారా అని. మిరపకాయలు ఆడిన మరలో వెంటనే మీ బియ్యం పోస్తే ఆ ఘాటు అరిసెలో తెలిసిపోతుంది. మీకంటే ముందు ఎవరో ఒకరు బియ్యం పట్టించుకున్నాక వెళ్లడం మంచిది.

బియ్యం సంగతి. సార్వా పంట కోతలై కొత్త బియ్యం ఇంటికొచ్చే కాలం కాబట్టే సంక్రాంతికి అరిసెలొచ్చాయి. కొత్త బియ్యం పిండికి సహజంగానే జిగురుంటుంది, చలిమిడి దగ్గరకు పట్టుకుంటుంది. కొత్త బియ్యం దొరక్కపోతే మామూలు పచ్చి బియ్యం ఏదైనా పనికొస్తుంది కానీ బాగా పాతబడ్డవి వద్దు, అవి పాకాన్ని ఎక్కువ పీల్చుకుని గట్టిపడతాయి. ఇడ్లీలకి వాడే ఉప్పుడు బియ్యం, బాస్మతి అస్సలు వద్దు. మా ఇళ్లలో కార్డు మీద వచ్చే దొడ్డు బియ్యమే అరిసెలకు తీసి పెట్టేవాళ్లు, చాలా ఇళ్లలో ఇప్పటికీ అంతే. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, అవైనా ఫర్వాలేదు, బాగానే వస్తాయి.

బెల్లం దగ్గర మాత్రం మొహమాటపడకండి. కొట్లో బెల్లం ఇవ్వమని ఊరికే అడిగితే ఏదో ఒకటి తూచి ఇస్తారు. "అరిసెలకండీ, పాకం వచ్చే బెల్లం కావాలి" అని చెప్పండి, కొట్టువాళ్లకు ఆ తేడా బాగా తెలుసు. అనకాపల్లి బెల్లం అంత పేరు పడిన సరుకు, అక్కడి మార్కెట్ దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి, అయినా ఊరి పేరు విని తీసుకోకుండా చేత్తో పట్టుకుని చూడండి. అచ్చు గట్టిగా ఉండాలి, విరిస్తే లోపల పలుకు కనపడాలి. వేళ్లకు తడి తగులుతూ, జిగటగా, అడుగున నీరు కారినట్టుంటే ఆ బెల్లం వద్దు. అలాంటి బెల్లంలో పంచదార భాగం విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువగా చేరి ఉంటాయి, అవి గాల్లో తేమను లాక్కుంటాయి, ఎంత కాచినా పాకం గట్టిగా నిలబడదు. మరీ తెల్లగా, నిమ్మపండు రంగులో మెరిసే బెల్లం కూడా నాకు నమ్మకం లేదు, రంగు కోసం హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం కలుపుతారు. కొంచెం ముదురు రంగులో ఉన్నదే తీసుకోండి, అరిసెకు రంగూ రుచీ రెండూ వస్తాయి. వేరే దారి లేక మెత్తబడ్డ బెల్లమే తేవాల్సి వస్తే అందులో వంద గ్రాములు తగ్గించి ఆ మేరకు పంచదార వేయండి, పాకం నిలబడుతుంది.

నువ్వులు, యాలకులు, నూనె అదే కొట్లో అయిపోతాయి. నువ్వుల్లో ఇసుక ఉంటుంది, ఇంటికొచ్చి చెరిగి వేయించి పెట్టుకోండి. నూనె వేరుశనగదైతే వాసన బాగుంటుంది. అరిసెలు నొక్కే చెక్క ఇంట్లో లేకపోతే పక్కింటి పిన్నిగారినో అత్తయ్యగారినో ముందే అడిగి పెట్టుకోండి, ఎందుకంటే మీరు చేసే రోజే వాళ్లూ చేస్తారు. దొరక్కపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు.

నానబెట్టడం, పట్టించడం

బియ్యం కడిగి నిండా నీళ్లు పోసి ఒక పూటా ఒక రాత్రి కాదు, పూర్తిగా 24 గంటలు నాననివ్వండి. మధ్యలో రెండు మూడు సార్లు నీళ్లు మార్చండి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. గింజను రెండు వేళ్ల మధ్య నలిపితే పలుకు లేకుండా పిండైపోవాలి. కొందరు ఆరు గంటలు చాలంటారు, చాలదు. పైన మెత్తబడినా గింజ లోపల గట్టిగానే ఉంటుంది, మరలో పడ్డాక అది పిండి కాకుండా సన్న రవ్వగా వస్తుంది, ఆ రవ్వ పాకంలో కలవదు, నూనెలో పడగానే అక్కడి నుంచే అరిసె విచ్చుకుంటుంది.

నీళ్లు వంచి, చిల్లుల గిన్నెలో ఓ పావుగంట వాడ్చి, పొడి గుడ్డ మీద పదిహేను ఇరవై నిమిషాలు నీడలో పరవండి. ఫ్యాన్ వేయకండి. చేత్తో పట్టుకుంటే అరచెయ్యి చెమ్మగా అనిపించాలి, నీటి చుక్క మాత్రం కారకూడదు. ఇంట్లో కాటా ఉంటే తూచి చూడండి, కిలో బియ్యం ఈ దశలో కిలోంపావు, దానికి కాస్త పైన ఉంటుంది. అంతకు తక్కువ తూగితే సరిగ్గా నానలేదనో, ఎక్కువ ఆరిందనో లెక్క.

ఇప్పుడు మర. బియ్యాన్ని మూతున్న స్టీలు డబ్బాలో పోసి పైన తడి గుడ్డ వేసి తీసుకెళ్లండి. సంక్రాంతి వారంలో క్యూ ఉంటుంది, మూత తీసి గంట నిలబడితే పై బియ్యం పొడిబారిపోతాయి. పట్టించాక నేరుగా ఇంటికి రండి. కూరగాయలూ, ముగ్గుపిండీ, టైలర్ దగ్గర బట్టలూ అన్నీ ముందే చేసుకోండి, మర పని ఆ రోజు చివరి పని కావాలి. పిండి మరలోంచి వేడిగా వస్తుంది, ఆ వేడికీ తడికీ రెండు మూడు గంటల్లో పులుపు మొదలవుతుంది. అందుకే పట్టించిన పూటే పాకం పట్టాలి. ఏదైనా పని అడ్డొచ్చి కుదరకపోతే పిండిని చల్లార్చి, గట్టిగా అదిమి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచొచ్చు, వాడే గంట ముందు బయట పెట్టుకోండి.

ఇంటికి రాగానే సన్న జల్లెడతో జల్లించి, జల్లించిన పిండిని ఎప్పటికప్పుడు గిన్నెలో అదుముతూ పైన తడి గుడ్డ కప్పండి. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలబడాలి, వేలితో తాకితే విడిపోవాలి. నొక్కినా ముద్ద కాకపోతే పిండి ఆరింది, చేతులు తడి చేసుకుని ఓ నాలుగు చెంచాల నీళ్లు చిలకరించి మళ్లీ జల్లించండి. ఈ ఒక్క పరీక్ష ఇక్కడ చేస్తే తర్వాత వచ్చే తిప్పలు సగం తప్పుతాయి. ఇందులోంచి రెండు గుప్పిళ్ల పిండి తీసి విడిగా మూత పెట్టి దాచండి. తర్వాత ఎందుకో మీకే తెలుస్తుంది.

కొట్లో ప్యాకెట్లో దొరికే పొడి బియ్యప్పిండితో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చేయకండి. పొడి బియ్యం ఆడితే పిండిలో గంజి పదార్థం ఎక్కువ దెబ్బతింటుంది, అది పాకంలోని నీళ్లను గబగబా పీల్చేసుకుంటుంది, కలుపుతుండగానే చలిమిడి బిగిసిపోతుంది. తడి బియ్యం పిండి మెత్తగానూ వస్తుంది, పాకాన్ని నిదానంగా తీసుకుంటుంది.

మర అందుబాటులో లేనివాళ్లు, అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నవాళ్లు, మిక్సీలో చేసుకోవచ్చు. కొంచెం కొంచెం వేసి తిప్పి జల్లించడం, పైన మిగిలిన రవ్వ మళ్లీ తిప్పడం, చివరికి ఎంతకీ మెత్తబడని రవ్వను పక్కన పెట్టేయడం, అంతే. అక్కడ చలికాలం ఇళ్లలో హీటర్ల వల్ల గాలి పొడిగా ఉంటుంది, పిండి ఇక్కడికంటే చాలా త్వరగా ఆరిపోతుంది, తడి గుడ్డ మాత్రం మరవకండి.

పాకం

బెల్లం తరిగి మందపాటి గిన్నెలో వేసి ఒక గ్లాసు నీళ్లు పోయండి. ముందు కరిగించండి చాలు, కరగ్గానే దించి వడగట్టండి, చెరకు పీచూ ఇసుకా అడుగున ఎంత మిగులుతాయో మీకే కనపడుతుంది. గిన్నె కడిగి వడగట్టిన బెల్లం నీళ్లు మళ్లీ పోసి మధ్యస్థంగా మంట పెట్టండి. నీళ్లు కొంచెం ఎక్కువైనా నష్టం లేదు, ఇగరడానికి ఇంకాస్త టైం పడుతుంది అంతే.

పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లు పెట్టుకోండి. మొదట పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, తర్వాత నురగ పైకి పొంగి, ఇంకాసేపటికి బుడగలు చిన్నవై చిక్కబడతాయి. అప్పటి నుంచి పరీక్ష చేయాలి. నాలుగు చుక్కలు నీళ్లలో వేయండి. కరిగిపోతే ఇంకా టైముంది. కరగకుండా వేళ్ల మధ్య తీగలా సాగితే దగ్గర పడింది. వేళ్లతో పోగేస్తే మెత్తటి ఉండ కట్టి, పళ్లెం వాల్చినా ఆ ఉండ జారకుండా ఉంటే, అదే మీకు కావాల్సిన ఉండపాకం. ఉండను పళ్లేనికి కొడితే ఠంగుమని మోగిందంటే ముదిరిపోయింది, అది పల్లీ అచ్చులకీ పల్లీ ఉండలకీ పనికొచ్చే పాకం. వంటింటి థర్మామీటర్ ఉన్నవాళ్లకు ఉండపాకం సుమారు 112 నుంచి 115 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుంది.

పరీక్ష చేసేటప్పుడు మంట బాగా తగ్గించండి, వీలైతే ఆపేయండి. మీరు నీళ్లలో ఉండ కట్టి చూసే అర నిమిషంలో పొయ్యి మీద పాకం ఆగి ఉండదు, తీగపాకం ఉండపాకమవుతుంది, ఉండపాకం ముదురుతుంది. పాకం ముదిరిపోవడానికి ఎక్కువ సార్లు ఇదే కారణం. ఫోనుకి జవాబివ్వడం కూడా ఈ పది నిమిషాలూ మానేయండి.

పాకం రాగానే దించి నెయ్యి, యాలకుల పొడి, సగం నువ్వులు వేసి పిండి కలపడం మొదలుపెట్టాలి. ఇది ఇద్దరి పని. ఒకరు గుప్పెడు గుప్పెడుగా పిండి చల్లుతుంటే ఇంకొకరు చెక్క తెడ్డుతో ఉండలు కట్టకుండా తిప్పాలి. ఎక్కడ ఆపాలన్నదే కీలకం. చపాతీ పిండిలా గట్టిపడే దాకా పిండి వేయకండి. తెడ్డు ఎత్తితే చలిమిడి ముద్దగా, నిదానంగా, బరువుగా కిందికి జారుతుండాలి. ఆ వేడి మీద పల్చగా ఉందని భయమేస్తుంది, చల్లారేకొద్దీ అదే బిగుస్తుంది. పిండి మిగిలితే మిగలనివ్వండి. కొలత ప్రకారం పిండంతా పోయాలన్న పట్టుదలతోనే అరిసెలు గట్టిపడతాయి. పైన ఒక చెంచా నెయ్యి రాసి మూత పెట్టి కనీసం గంటసేపు కదపకండి. రాత్రంతా ఉంచి తెల్లారి చేసుకున్నా బాగుంటాయి.

పాకం వేడి మామూలు వేడి కాదు, చర్మానికి అంటుకుని వదలదు. పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి. చుక్క మీద పడితే వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్లలో పెట్టండి, టూత్‌పేస్ట్ లాంటివి రాయకండి. నూనెకు మంటంటుకుంటే నీళ్లు పోయకుండా గ్యాస్ ఆపి మూత వేయండి.

వేయించడం

అరటాకు మీదో నూనె రాసిన పాల కవరు మీదో నిమ్మకాయంత ముద్ద పెట్టి, కొంచెం నువ్వులు అద్ది, మరీ పల్చగా కాకుండా గుండ్రంగా తట్టండి. నూనె మధ్యస్థంగా కాగాలి. చిన్న చలిమిడి ముక్క వేస్తే అడుగుకెళ్లి నాలుగైదు సెకన్లలో పైకి తేలాలి. అడుగునే ఉండిపోతే నూనె కాగలేదు, వేసిన వెంటనే నల్లబడితే మంట ఎక్కువైంది.

మొదట ఒక్కటే వేయండి. ఒక్కటి. పండగ తొందరలో నాలుగు ఒకేసారి వేసి నాలుగూ పోగొట్టుకోవద్దు. అది పైకి తేలి రెండువైపులా ఎర్రబడ్డాక తీసి, చెక్కల మధ్య పెట్టి నూనె కారేలా నొక్కండి. గట్టిగా వెంటనే నొక్కాలి, చల్లారితే నూనె లోపలే ఉండిపోతుంది. ఆ ఒక్కటి కాస్త చల్లారాక తుంచి తినండి. బాగుంటే మిగతావి చకచకా చేసేయండి. బాగా లేకపోతే పొయ్యి ఆపి కింది భాగం చదవండి.

తేడా కొట్టినప్పుడు

నూనెలో విచ్చిపోయింది. ముందు నూనె చూడండి, చాలా మంది వెంటనే చలిమిడిలో పిండి కలిపేస్తారు, తీరా చూస్తే నూనె సరిగ్గా కాగలేదు. మంట కొంచెం పెంచి ఇంకొక చిన్న ముక్క వేయండి. అదీ విడిపోతే అప్పుడు పాకం లేతదని అర్థం. మొత్తం గిన్నెలో చెయ్యి పెట్టకండి, ఒక నాలుగు అరిసెలకు సరిపడా చలిమిడి విడిగా తీసి, దాచిపెట్టిన తడి పిండి ఓ చెంచా కలిపి పిసికి వేయించి చూడండి. నిలబడితే అదే లెక్కన మిగతాదానికి కలపండి. తడి పిండి మిగల్లేదా, గోధుమపిండి కానీ మైదా కానీ కొంచెం కలపండి, దాని జిగురు పట్టి ఉంచుతుంది, రుచి పెద్దగా మారదు. చలిమిడి మరీ జావలా ఉంటే మందపాటి గిన్నెలో సన్న మంట మీద పెట్టి అడుగంటకుండా తిప్పుతూ ఉండండి, నీళ్లు ఇగిరి గిన్నె అంచులు వదులుతుంది. తొందర లేకపోతే వీటన్నిటికంటే మంచి మందు రాత్రంతా వదిలేయడం, లేత చలిమిడి తెల్లారేసరికి తనంతట తానే బిగుస్తుంది. నూనె అడుగున చేరిన పొడి మాడితే తర్వాతి అరిసెలన్నిటికీ చేదు అంటుతుంది, కాబట్టి నూనె చల్లార్చి వడగట్టాకే మళ్లీ మొదలుపెట్టండి.

పిండి కలపక ముందే పాకం ముదిరిపోయింది. దీనికి కంగారే అక్కర్లేదు. పాకం ముదరడమంటే నీళ్లు తగ్గిపోవడమే. మంట ఆపి, కాస్త వెనక్కి జరిగి, పావు గ్లాసు వేడినీళ్లు గిన్నె అంచు నుంచి పోయండి. బుసబుసమని పొంగుతుంది, గడ్డ కట్టినట్టు కనపడుతుంది, మళ్లీ సన్న మంట మీద పెడితే కరిగిపోయి పాకం మొదటి దశకొస్తుంది. ఉండపాకం వచ్చేదాకా మళ్లీ కాచుకోండి. మాడిన వాసన, నాలుకకు చేదు తెలిస్తే మాత్రం పారబోయక తప్పదు, ఆ చేదు దేనికీ పోదు.

పిండి కలిపాక చలిమిడి బిగిసిపోయింది, తడుతుంటే అంచులు పగులుతున్నాయి. కొంచెం కొంచెం తీసి, గోరువెచ్చటి పాలు ఒక్కో చెంచా వేస్తూ చేత్తో బాగా మర్దించండి. మైక్రోవేవ్ ఉంటే ముద్దను పదిహేను ఇరవై సెకన్లు వేడి చేసి పిసికితే చాలాసార్లు పాలు కూడా అక్కర్లేదు. బాగా ఎక్కువ మొత్తం బిగిసిపోతే వంద గ్రాముల బెల్లంతో లేత తీగపాకం పట్టి, వేడిగా అందులో పోసి కలిపితే మళ్లీ దారికొస్తుంది. పాలు కలిపినవి ఎక్కువ రోజులు ఉండవు, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, వాటిని విడి డబ్బాలో పెట్టండి.

పైన ఎర్రగా, లోపల పచ్చిగా ఉంటే మంట తగ్గించి మందం తగ్గించడమే. నూనె బాగా పీల్చాయంటే పాకం కొంచెం లేత అయినట్టు, పైగా నొక్కడం చాలలేదు.

తట్టడానికి లొంగని చలిమిడి, ఎన్ని చేసినా నిలబడని చలిమిడి ఉంటే పాకుండలు చేసేయండి. పచ్చికొబ్బరిని సన్న పలుకులుగా కోసి నేతిలో వేయించి కలిపి, కాస్త పిండి జోడించి, ఉసిరికాయంత ఉండలు చుట్టి సన్న మంట మీద వేయించడమే. ఇవి అరిసెల్లా పల్చగా పరుచుకోవు, కాబట్టి అంత త్వరగా విచ్చిపోవు. మా గోదావరి వైపు పాకుండలు ఎలాగూ ఈ చలిమిడితోనే చేస్తారు, వచ్చినవాళ్లకు పెడితే పండక్కి రెండో పిండివంట కూడా చేశారనుకుంటారు, అది నిజమే కదా.

చేసిన రోజు బాగుండి రెండో రోజుకు గట్టిపడ్డ అరిసెలకు ఇడ్లీ పాత్ర ఉంది. పళ్లెంలో పెట్టి రెండు మూడు నిమిషాలు ఆవిరి చూపించండి, మెత్తబడతాయి, తినే ముందు తినేవాటికి మాత్రమే చేయండి. విరిగిన ముక్కలుంటే కాచిన పాలు గోరువెచ్చగా అయ్యాక అందులో వేసి పది నిమిషాలు నాననివ్వండి. మరిగే పాలలో వేస్తే బెల్లానికి పాలు విరిగే ప్రమాదముంది, అందుకే చల్లారాక. పళ్లు లేని పెద్దవాళ్లకు ఇలా పెట్టండి, వాళ్లకు అరిసె అంటే ఎంత ఇష్టమో, గట్టిగా ఉందని చెప్పలేక పక్కన పెట్టేయడం చూస్తూనే ఉంటాం.

అరిసెలు పూర్తిగా చల్లారే దాకా డబ్బాలో పెట్టకండి, మూత లోపల ఆవిరి చెమ్మ పడితే రెండో రోజుకే వాసన మారుతుంది. వెడల్పు పళ్లెంలో ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో సర్దితే రెండు మూడు వారాలు నిలవుంటాయి. తీసేటప్పుడు తడి చెయ్యి పెట్టొద్దని ఇంట్లో పిల్లలకు చెప్పండి. హాస్టల్లో ఉన్న పిల్లలకు పంపుతుంటే కొంచెం గట్టిగా వచ్చినవి ఏరి పెట్టండి, మెత్తటివి దారిలో అతుక్కుపోతాయి. ఒక్కో వరసకూ మధ్య బటర్ పేపర్ వేసి, డబ్బాలో ఖాళీ లేకుండా సర్ది, ఆర్టీసీ కార్గోలో వేసేటప్పుడు పైన లోపలున్నవి తినేవని రాయించండి. పాలు కలిపినవి ఆ డబ్బాలో పెట్టొద్దు.